మార్చి చలి, ఏప్రిల్ తూకం

ఉద్యోగరీత్యా తెలుగునాట నుండి పంజాబ్ చేరిన మాబోటివారికి గోధుమ మొదట రొట్టెగానే పరిచయం, పైరుగా కాదు. వరిమడులు చూచి పెరిగిన కళ్ళకు, నీరు నిలవని ఆ పచ్చని చేలు వింతగా తోచాయి. ధాన్య సేకరణ విధులలో ఏళ్ళు గడిచాక ఇప్పుడు ఆ పైరు మంచిచెడ్డలు మా ఇంటి విషయాలైపోయాయి.

గోధుమకు చలి ప్రాణం. నవంబరులో విత్తిన పైరు జనవరి పొగమంచులో దుబ్బు కడుతుంది; ఫిబ్రవరిలో వెన్ను తీసి, మార్చిలో గింజ పాలు పోసుకుంటుంది. ఆ మూడు నాలుగు వారాలు చల్లగా సాగితే గింజ నిండుతుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి నిలిస్తే పైరు తొందరపడి పండుతుంది, గింజ ముడుచుకుపోతుంది. దూరానికి చేను మాత్రం బంగారంలాగే మెరుస్తుంది. అందుచేత రోడ్డు మీద నిలబడి దిగుబడి చెప్పే పెద్దమనుషుల మాట మేము నమ్మము.

కోతలు దేశమంతటా ఒక్కసారిగా రావు. మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో మార్చిలోనే సాగుతుంటాయి. సీహోర్ శర్బతీ గోధుమ అంగడికి చేరేనాటికి పంజాబ్‌లో వెన్ను ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో హర్యానా, బైశాఖీ నాటికి పంజాబ్ ఊపందుకుంటాయి. తూర్పు ఉత్తరప్రదేశ్, బీహారులలో వరి కోసిన పిదప ఆలస్యంగా విత్తే రైతులు ఎక్కువ. వారి పైరుకు వేడిగాలుల బెడదా ఎక్కువే. మధ్యప్రదేశ్ కబురు అందగానే మేము గోనెసంచుల లెక్క సరిచూచుకుంటాము. ఆ రోజులలో సెలవు మాట ఎవరూ ఎత్తరు. ఉగాది పచ్చడికి కూడా ఎండబెట్టిన వేపపూత ఊరి నుండి తెప్పించుకుని మండీలోనే పంచుకుంటాము.

2022 మార్చి మాకు మరపునకు రాదు. 1901 నుండి ఉన్న లెక్కలలో దేశమంతటికీ అంత వేడి మార్చి మరొకటి లేదు. ఏప్రిల్‌లో నమూనా జల్లెడ పట్టగా సన్నగా ముడుచుకున్న గింజ కుప్పగా రాలింది. ముడుచుకున్న, విరిగిన గింజలు నూటికి 6 మించరాదని నిబంధన. ఒక వృద్ధ సర్దార్‌జీ సరుకు ఆ పరిమితి దాటింది. బయటి వ్యాపారి అప్పటికే చూచి పెదవి విరిచి వెళ్ళాడట. ఆయన రాలిన గింజలను అరచేతిలోకి తీసుకుని, "బాబూ, నీళ్ళు పెట్టాను, ఎరువు వేశాను. గాలిని ఎక్కడ చల్లార్చను?" అన్నాడు. మావద్ద సమాధానం లేదు. కుప్పను మళ్ళీ తూర్పారబట్టించమన్నాము. రెండు రాత్రులు ఆయన కుప్ప ప్రక్కనే మంచం వేసుకున్నాడు. మూడవ నమూనా పరిమితిలోపు తేలింది; అయితే తూకంలో ఎన్ని బస్తాలు తరిగినదీ ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

మే నెల మధ్యలో కేంద్ర ప్రభుత్వం పంజాబ్, హర్యానాలకు ఆ పరిమితిని, ధర తగ్గించకుండానే, 18 శాతానికి సడలించింది. అప్పటికి మండీలు చాలావరకు ఖాళీ అయ్యాయి. మే 13న గోధుమ ఎగుమతులూ నిలిచాయి. అంతకు ముందు ఏడాది సుమారు 433 లక్షల టన్నులున్న సేకరణ 188 లక్షల టన్నులకు పడిపోయింది. దిగుబడి తగ్గడమొక్కటే కారణం కాదు. ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు పెరిగి, మంచి సరుకుకు బయటివారు మద్దతు ధర 2,015 రూపాయలను మించి ఇచ్చారు.

మరుసటి ఏడాది కోతల ముంగిట వానలు, వడగళ్ళు పడి చేలు నేలవాలాయి, గింజ మెరుపు తగ్గింది. ఆసారి సడలింపు ఏప్రిల్‌లోనే వచ్చింది. ఆ ఒక్క నెల తేడా ఎంతటిదో జల్లెడ పట్టే మాకు తెలిసినంతగా కాగితం మీద కనిపించదు. 2025లో పంట కలిసివచ్చి సేకరణ సుమారు 300 లక్షల టన్నులకు చేరింది. ఇప్పుడు కొందరు రైతులు అక్టోబరు చివరనే విత్తి, మార్చి వేడిని తప్పించుకోజూస్తున్నారు.

"అక్కడ చలి తగ్గిందా నాయనా?" అని ఊరి నుండి పెద్దవాళ్ళు ఫోనులో అడుగుతుంటారు. తగ్గలేదంటే నొచ్చుకుంటారు. మార్చి నెలలో మాత్రం మేము ఆ మాట సంతోషంగా చెబుతాము. వారికెందుకో అర్థం కాదు.