మామగారి కారు

మామగారు పోవుచు మాకు విడిచినది 1965 నాటి ఎం.జి.బి. కారు. ఇంగ్లండులో వారు దానిని ముప్పదియేండ్లు ప్రాణముగా చూచుకొనిరి. పెద్దబాటపై ఇంజనుకు శ్రమ తగ్గించు ఓవర్‌డ్రైవు గరగరలాడసాగెను. "అమ్మివేయుడు" అని మరమ్మతువాడు చెప్పెను. నాకు మనసొప్పలేదు.

ప్రక్కను కూర్చుండి చెవియొగ్గి వింటిని. నాలుగవ గేరులో మీట వేయనపుడు చప్పుడు లేదు, వేసినంతనే మొదలగును. వేయనపుడు లోపలి పండ్లచక్రములన్నియు నొక్కముద్దగా తిరుగును. వేసినపుడు నడిమిచక్రము నిలువగా, చుట్టునున్న మూడు చిన్నచక్రములు దానిపై దొర్లును. కావున దోషము వానిలోనే యుండవలెను.

విప్పి చూడగా వాని బేరింగులే అరిగియుండెను. క్రొత్తవి తెప్పించి, పండ్లపై చుక్కగుర్తులు వెలుపలికి వచ్చునట్లు తిప్పి కూర్చితిమి. రొద పోయినది. మావారు తండ్రిని తలచుకొని కన్నులొత్తుకొనిరి.

సోదరీమణులారా! వస్తువు మొరపెట్టినపుడు పారవేయుటకు ముందు, అది యెప్పుడు మొరపెట్టునో వినుడు.