వంశవృక్షమున పతాకములు

వంశవృక్షమును వ్రాసియుంచు నాచారము మనకు క్రొత్త కాదు. గోత్రఋషులతో మొదలిడి యేడు తరముల పేర్లను తడుముకొనక చెప్పగల పెద్దలు మన యిండ్లలో నుండిరి. ఆ పేర్ల చెంత దేశముల పతాకములను చిత్రించుట మాత్రము క్రొత్త. మా ఆడుబిడ్డ కుమారుడు అమెరికాలో డల్లాసు నగరమున చదువుకొనుచున్నాడు. అతడు మా వారి వంశమునంతటిని పటముగా గీచి, ఎవరెచ్చట పుట్టిరో, ఎవరెచ్చటికి వలస పోయిరో తెలియుటకై ప్రతి పేరు ప్రక్కను చిన్న జెండాను నిలిపి, దిద్దిపెట్టుమని మాకు పంపినాడు. మా వారు బడి పరీక్షలలో మునిగియుండుటచే ఆ భారము మాపై బడినది.

పేర్లు సరిగానే యున్నవి. జెండాలే చిక్కు తెచ్చినవి. 1899లో చీరాలలో పుట్టిన మా వారి ముత్తాతగారి ప్రక్కన అశోకచక్రముతో గూడిన మువ్వన్నెల పతాక మెగురుచున్నది! దానిని రాజ్యాంగసభ యంగీకరించినది 1947 జూలై 22న. పింగళి వెంకయ్యగారు బెజవాడలో గాంధీగారికి జెండా నమూనాను చూపిన 1921వ సంవత్సరము సైత మాయన పుట్టిన యిరువదిరెండేండ్లకు గాని రాలేదు. చరిత్ర ననుసరించినచో అచ్చట నుండవలసినది యూనియన్ జాక్. కాని యీ ముత్తాతగారే ఆ 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై, పురపాలక సంఘపు పన్ను నొల్లక, ఇల్లు విడిచి భార్యతో రామనగరు పాకలలో తలదాచుకొనినవారు. అట్టివారి పేరు ప్రక్కన దొరల జెండా నిలుపుటకు చేయి యాడునా? కొంత యోచించి, పుట్టిన తేదీకి దొరల జెండాయే యుండనిమ్మని, దాని క్రిందనే రామనగరు వృత్తాంతమును రెండు పంక్తులలో చేర్చుమని వ్రాసితిమి. జెండాను మార్చినచో ఆయన దేనిని ధిక్కరించెనో మునిమనుమలకు తెలియకపోవును గదా!

భారతము చదివిన సోదరీమణులకు విరాటపర్వము జ్ఞప్తికి రాకమానదు. ఉత్తరునకు అర్జునుడు కురువీరులను వారి టెక్కెములను బట్టియే చూపును. వేదిక గలది ద్రోణునిది, పాము గలది దుర్యోధనునిది, తాటిచెట్టు గలది భీష్మునిది. అవి మనుష్యుల పతాకములు. ఇప్పటివి ప్రభుత్వముల పతాకములు. మనిషి కదలకున్నను అవి మారును. అందుచేత ముందుగా సంవత్సరము, పిదప ఆ సంవత్సరమున ఆ చోటి నేలినవారెవరు, అటుపిమ్మటనే జెండా యని మేనల్లునికి క్రమము నేర్పితిమి. 1958లో చదువునకై అమెరికా వెళ్లిన బంధువు నెదుట అతడు ఏబది నక్షత్రముల జెండా నుంచినాడు. నాటికి నక్షత్రములు నలువదియెనిమిదే. ఏబదియవది చేరినది 1960 జూలై 4న. తమ పూర్వులు మారిషసు చెరకుతోటలకు పోయిన యిండ్లవారును నేటి నాలుగు చారల జెండాను తొందరపడి అంటింపరాదు. కూలీల యోడలు 1834లో మొదలైనవి. ఆ జెండా 1968లో స్వాతంత్ర్యముతో వచ్చినది.

అన్నిటికంటె కష్టమైనది మా వారి నాయనమ్మగారి గడి. ఆమె తండ్రి కాకినాడ ప్రాంతమువారు. రంగూనులో బియ్యపుమిల్లున గుమాస్తాగా నుండెడివారు. తెలుగువారిని అచ్చట కోరంగీలనెడివారు, కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరును బట్టి. ఆమె 1931లో రంగూనున పుట్టినది. మేనల్లుడామె కిచ్చిన జెండా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు చారలపై తెల్ల నక్షత్రము గలది. అది 2010లో వచ్చినది! అప్పటికామె గుంటూరు కాపురమునకు వచ్చి అరువదియేండ్లు. 1931లో బర్మా హిందూదేశమున నొక రాష్ట్రము. 1937 ఏప్రిల్ 1న విడదీసిరి. 1939లో దానికి నెమలి గుర్తుతో వేరు జెండా యేర్పడెను. కావున 1931లో పుట్టిన అక్కకు ఒక జెండా, 1940లో పుట్టిన తమ్మునికి మరియొకటి. ఇల్లొకటే, ఉయ్యాల యొకటే.

ఆ తమ్ముని పేరు పటములో లేనేలేదు. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినవి. లక్షలాది మనవారు స్వదేశమునకు బయలుదేరిరి. వీరు ప్రోము మీదుగా తౌంగుప్ కనుమ దాటి సముద్రతీరము చేరి, పడవపై చిట్టగాంగు పోవలెనని నడిచిరి. దారిలో కలరా. రెండేండ్ల పిల్లవాడు కనుమ దాటలేదు. పదునొకండేండ్ల యీమె వానిని మోసినది కొంత దూరము. పిమ్మట మోయవలసిన పని లేకపోయెను.

మేము జెండాల సంగతి చెప్పి, నెమలిది చూచినట్లు జ్ఞాపకమున్నదా యని యడిగితిమి. ఆమెకు తొంబది దాటినవి, వినికిడి తక్కువ. "నెమలి నాకు తెలీదమ్మా. వాడి పేరు రాశారా?" అనినది.

పెండ్లిగాక, సంతు లేక పోయినవారిని వంశవృక్షమున విడిచిపెట్టు వాడుక యెచ్చట నుండి వచ్చెనో గాని, మాకది యెన్నడును నచ్చలేదు. ఆమె ప్రక్కన క్రొత్త గడి గీయించి, వాని పేరును, నెమలి జెండాను, 1940ని వ్రాయించితిమి. మరణస్థలమున కేది యుంచవలెనని మేనల్లుడు డల్లాసు నుండి మరల నడిగినాడు. అచ్చట జెండా వలదని, తౌంగుప్ అని తెలుగున వ్రాయుమని చెప్పితిమి.