అంచు కలిపే పని

పాదానికున్న చూపు కంటికి లేదంటే అతిశయోక్తిగా తోచవచ్చు. కాని చెప్పులు గుమ్మం బయట విడిచి ఇంట నడిచే అలవాటుగల మనవంటివారికి ఇది నిత్యానుభవమే. పక్కపక్కన పరచిన రెండు టైల్స్‌లో ఒకదాని అంచు రెండవదానికంటె ఒక్క మిల్లీమీటరు పైకి నిలిచినా, నిలబడి చూసేవారికి అది కనబడదు. దానిమీదుగా సాగే బొటనవేలికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది. సందు ఆరు మిల్లీమీటర్లకు తక్కువైనప్పుడు అంచుల తేడా ఒక మిల్లీమీటరు మించరాదని బ్రిటిష్ ప్రమాణాలు చెప్పడం ఊరకే కాదు. టైల్స్ పరిచే వృత్తిలోని కష్టమంతా ఆ ఒక్క మిల్లీమీటరులోనే ఉంది.

దాని విలువ నాకు అండమాన్ దీవులలో, మా అమ్మగారి మూలంగా తెలిసింది. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మారినా, చాలామంది నాలుకమీద ఇంకా పోర్టుబ్లెయిరుగానే ఉన్న ఈ పట్టణంలో మా కాపురం. అమ్మకు నీటికాసులవల్ల చూపు చాలవరకు పోయింది. ఆమెకు మిగిలిన లోకం మా ఇంటి వరండా. పొద్దుటిపూట అక్కడ కూర్చుంటే, జంగ్లీఘాట్ నుండి చేపల తట్టలతో వచ్చే స్త్రీల మాటలు వినబడతాయి. వారిది శ్రీకాకుళం తీరపు తెలుగు; అమ్మకు అది పుట్టింటి తెలుగు. ఆ వరండాకు అంతకు ముందెవరో హడావిడిగా పరచిన టైల్స్ ఒకదాని కొకటి పొసగక, అక్కడొక అంచు, ఇక్కడొక అంచు పైకి నిలిచి ఉండేవి. రెండుసార్లు ఆమె కాలు తగిలింది. రెండవసారి గోరు ఊడి రక్తం కారింది. ఆ తరువాత అమ్మ వరండాలోకి రావడమే మానుకొన్నది. అడిగితే, “ఎండగా ఉంది నాయనా” అనేది, వాన కురుస్తున్న రోజున కూడా.

ఆ టైల్స్ అన్నీ పీకించి కొత్తవి వేయించడానికి కుదిరిన మేస్త్రీ సోంపేట వైపువాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. సునామీ తరువాత నికోబార్ దీవులలో ఇళ్లు కట్టే పనులకు వచ్చి, ఆపైన ఇక్కడే నిలిచిపోయాడట. పని జరిగిన నాలుగు రోజులూ నేను సెలవుపెట్టి పక్కనే కూర్చున్నాను. ఆ నాలుగు రోజులు వృథాపోలేదు.

మొదటి పూట ఆయన తాపీ పట్టనే లేదు. పెట్టెలు విప్పి, టైల్స్‌ను రెండేసి చొప్పున ముఖాముఖి ఆనించి, వెలుతురుకెత్తి చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో వెలుతురు గీత కనబడితే ఒక పక్కకు, కనబడకుంటే మరొక పక్కకు. ఇంచుమించు 1200 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడే విట్రిఫైడ్ పలక ఏదో కొంత వంగకుండా బయటికి రాదు. పొడవు హెచ్చినకొద్దీ ఆ వంపూ హెచ్చుతుంది. కర్రచెక్కల వలె కనబడే పొడుగు టైల్స్‌ను ఇటుక వరుసల పద్ధతిలో సగానికి సగం జరిపి పరచడం ఇప్పుడు అందరికీ మోజు. ఒక పలక నడుమ ఉబ్బు పక్కపలక కొస పల్లంతో సరిగా తలపడేది అప్పుడే. సగం కాక, మూడవ వంతు మాత్రమే జరిపితే తేడా చాలా తగ్గుతుంది. మేస్త్రీ ఈ సంగతి చెప్పిన తీరు వేరు: “పొట్ట పక్కన పొట్టెట్టాలి బాబూ. పొట్ట పక్కన తోకెడితే కాలు తన్నేస్తాది.”

ప్రధాన భూభాగంలో ఏరివేసిన పలకకు బదులు మరొకటి దుకాణం నుండి తెచ్చుకోవచ్చు. ఇక్కడ అది అంత సులువు కాదు. గుజరాత్‌లోని మోర్బీలో కాలిన పలక రైలో లారీయో ఎక్కి రేవు చేరి, అక్కడినుండి 1200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. తక్కువపడి మళ్లీ తెప్పిస్తే తరువాతి ఓడలో వచ్చే పెట్టె వేరే కాల్పుది అవుతుంది. రంగులో పిసరు, కొలతలో పిసరు తేడా వస్తుంది. కొలతలో పిసరు తేడా అంటే సందులు వంకరపోవడమే. ఇసుక కథ కూడా అటువంటిదే. ఒకప్పుడు బీచి ఇసుకతోనే ఇక్కడి కట్టడాలు లేచేవి. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత ఆ తవ్వకానికి కళ్లెం పడింది. మేస్త్రీకి దాని గురించి విచారం లేదు. ఉప్పు ఇసుక మీద పరచిన నేల కొన్నాళ్లకు సందుల వెంట తెల్లగా పూస్తుందనీ, దానికంటె క్వారీ రాతిపొడే నయమనీ ఆయన మతం.

మట్టం తీసే పద్ధతి చూడముచ్చటైనది. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీరు నింపి, లోపల ఒక్క గాలిబుడగ కూడా లేకుండా వంచి, ఊపి, తట్టి బయటికి పంపాడు. గొట్టం ఒక కొసను తాను పట్టుకొని, రెండవ కొసను కుర్రవాడి చేతికిచ్చి గోడలన్నిటిమీదా ఒకే ఎత్తున పెన్సిలు గుర్తులు పెట్టాడు. లేసర్ యంత్రం కొనుక్కోలేదా అని అడిగాను. ఉన్నదట, కాని వరండాలో ఎండకు దాని గీత కనబడదట. నీటికి ఎండా నీడా ఒకటే.

ఈ దీవులలో నీటితో మట్టం తీయడం చూస్తుంటే మనసు ఊరుకోదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో పోర్టుబ్లెయిరు పరిసరాల నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాలలోకి ఉప్పునీరు వచ్చి నిలిచింది. గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రాన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, అక్కడి దీపస్తంభం అడుగుభాగం సముద్రంలో నిలిచింది. అదే సమయాన ఉత్తర అండమాన్ తీరాలలో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు ఎండకు బయటపడ్డాయి. ఒకే కుదుపు దీవుల మాలలో ఒక అంచును ఎత్తింది, మరొక అంచును దించింది. మేస్త్రీతో ఈ మాట అంటే ఆయన పెద్దగా ఆశ్చర్యపడలేదు. “గొట్టంలో నీరు అబద్ధమాడదు బాబూ. మాట తప్పేది నేలే,” అని పనిలో పడ్డాడు.

పరవడం మొదలుపెట్టాక ఆయన దృష్టి అంతా పలక పైన కాక, దాని కిందనే ఉండేది. పలక వీపంతా సిమెంటు పాలు పూసి, సున్నితంగా దించి, రబ్బరు సుత్తితో తడుతూ చెవి ఒగ్గి వినేవాడు. బోలుగా మోగితే వెంటనే ఎత్తివేసి, కింద మాలు సరిచేసి మళ్లీ దించేవాడు. అంచులు ఒకే ఎత్తున పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు, చీలలు ఆయన సంచిలోనూ ఉన్నాయి. ఇవి వచ్చాక పని నిస్సందేహంగా తేలికైంది, కాదనడం అన్యాయం. అయితే క్లిప్పు రెండు అంచులను దగ్గరకు లాగగలదు గాని, కింద బోలును పూడ్చలేదు. మాలు చాలని చోట బలవంతాన పైకి లాగిన అంచు, మంచం కోడో, బీరువా కాలో ఆనిన నాడు విరుగుతుంది. గోడ వారన చుట్టూ వేలి మందం కంటె తక్కువ ఖాళీ వదలి, దానిని స్కర్టింగు కింద దాచాడు. ఆ ఖాళీ లేని గదిలో ఎండకు పెరిగిన పలకలు ఒకనాటి మధ్యాహ్నం ఫెళ్లున గుడారంలా పైకి లేవడం ఆయన చూశాడట.

వరండాలో ఇంకొక చిక్కు ఉన్నది. ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట వరండా చదునుగా ఉంటే నీరు నిలుస్తుంది. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇవ్వాలి. వాలు ఇస్తూనే అంచులు కలపాలి. మట్టం వేరు, సమం వేరని నాకు ఆనాడే బోధపడింది. నేలంతా ఒక పక్కకు ఒరిగి ఉన్నా, ఏ పలకా పక్కదానిని మించకుండా ఉండవచ్చును.

చీకటిపడ్డాక పరీక్ష జరిగింది. దీపాలన్నీ ఆర్పించి, టార్చిలైటును నేలమీద పడుకోబెట్టి వెలిగించాడు. పగటి వెలుతురులో అద్దంలా ఉన్న నేలమీద రెండుచోట్ల సన్నని నీడగీతలు తేలాయి. గోరును సందుకు అడ్డంగా లాగి చూసి, ఒకదానిని సరేనని వదిలాడు. రెండవదానిని, మాలు ఇంకా బిగియకమునుపే, ఎత్తి మళ్లీ వేశాడు. దానికి గంట పట్టింది. ఆ గంటకు కూలి ఏ లెక్కలోనూ రాదు.

ఈ విషయం అధికారులైన పాఠకుల దృష్టికి తేవాలని నాకున్నది. టైల్స్ పనికి కూలి చదరపు అడుగుల లెక్కన ముడుతుంది. సర్కారు కట్టడమైతే మెజర్‌మెంటు బుక్కులో చదరపు మీటర్లు ఎక్కుతాయి. ఎంత పరిచారన్నదే గాని, అంచులు ఎంత కలిశాయన్నది ఆ పుస్తకంలో కొలతగా ఎక్కదు. అందుచేత తొందరపడిన వాడికి లాభం, చీకట్లో టార్చి వెలిగించిన వాడికి నష్టం. ఆసుపత్రి వరండాలలో కర్ర ఊతతో నడిచేవారినీ, బడులలో పరుగెత్తే పిల్లలనూ తలచుకొంటే ఇది చిన్న విషయమని అనలేము. బిల్లు మంజూరుకు ముందు ఒక సాయంకాలం టార్చితో నేలను చూసే నియమం పెడితే ఖజానాకు అయ్యే ఖర్చు రెండు బ్యాటరీలు.

నాలుగవనాడు సందులు నింపి, స్పంజితో తుడిచాడు. మరునాడు సాయంత్రం అమ్మ గుమ్మం దాకా వచ్చి, ఒక పాదం ముందుకు చాచి, నేలను నిదానంగా తడిమింది. ఒక పలక, రెండవ పలక, మూడవది. గోడమీది చేయి తీయలేదు గాని, చివరిదాకా నడిచింది. “ఏ ఊరు నాయనా నీది?” అని మేస్త్రీని అడిగింది. ఆయన ఊరిపేరు చెప్పగానే, ఆ ఊరి చెరువు గురించీ, జీడితోటల గురించీ ఇద్దరూ మాటలలో పడ్డారు. నేను లెక్క చూసి డబ్బు చేతికిచ్చాను.

వెళ్లేముందు మిగిలిన ఆరు పలకలను ఆయనే మెట్ల కిందికి మోసి, నిలువుగా చేరవేసి, కింద గోనెగుడ్డ దూర్చాడు. “ఎవరికీ ఇచ్చీకండి మామ్మగారూ. ఒకటి పగిలితే, ఇలాంటిది మరే ఓడలోనూ రాదు,” అన్నాడు.