ఏ ఊరమ్మా మీది?

పొందూరులో సామాను దించిన రోజు నుంచి మమ్మల్ని అందరూ అడిగింది ఒకటే మాట. "ఏ ఊరమ్మా మీది?" కొళాయి దగ్గర అడిగారు, కిరాణా కొట్లో అడిగారు, బడిలో అడిగారు. మా గూడలో ఈ మాట ఎవరూ అడగరు. అక్కడ మనిషిని చూడగానే ఎవరి బిడ్డో, ఏ ఇంటివాళ్ళో తెలిసిపోతుంది. చిన్న మాటే. కానీ దానికి నిజం చెప్పడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది గురించే ఇక్కడ రాస్తున్నాం. ఉద్యోగాలకనీ చదువులకనీ కొండ దిగుతున్న మన పిల్లలకు, వాళ్ళకు పాఠం చెప్పే మాస్టర్లకు ఇది పనికొస్తుందనుకుంటున్నాం.

మేము సవరలం. సీతంపేట పైన కొండవాలులో మా గూడ. 2019లో గ్రామ సచివాలయాల ఉద్యోగాలు పడినప్పుడు మాలో ఒకరికి పొందూరు దగ్గర పల్లెలో పని వచ్చింది. పాలకొండలో ఒక బస్సు, రాజాంలో ఇంకో బస్సు మారి రావాలి. రోజూ తిరగడం అయ్యే పని కాదు. రెండేళ్ళకు పైగా ఒకరం కింద గదిలో, ఒకరం పైన పిల్లలతో బతికాం. పెద్దపిల్లకు బడి వయసు రావడంతో 2022 జూన్‌లో అందరం దిగిపోయాం. అంతకు రెండు నెలల ముందే జిల్లాలు విడిపోయి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. పొందూరు శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. అలా మేము దిగేనాటికి మా కొండ వేరే జిల్లా అయిపోయింది.

అద్దె ఇల్లు వెతికినప్పుడు మొదటి ఇంటివాళ్ళు ఊరు అడిగారు, చెప్పాం. "ఏటోల్లు?" అని అడిగారు, అదీ చెప్పాం. "మా అబ్బాయి వచ్చీస్తన్నాడమ్మా, ఇల్లు మాకే కావాల" అన్నారు. ఆ గది ఆ తర్వాత చాలా రోజులు ఖాళీగానే కనిపించింది. రెండో ఇంట్లో అడ్వాన్సు రెట్టింపు చెప్పారు. మూడో ఇంటి గుమ్మంలో మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని "పాలకొండ వైపు" అన్నాం. అది అబద్ధం కాదు, మా దారి పాలకొండ మీదుగానే. కానీ నిజమూ కాదు. ఇల్లు దొరికింది.

ఆ సగం మాటను కాపాడుకోవడానికి ఏం చేశామో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. పిల్లలకు చెప్పాం: కొళాయి దగ్గర మన మాట మాట్లాడకండి, ఇంట్లోనే మాట్లాడండి. తర్వాత ఇంట్లో కూడా గోడ అవతలకు వినిపిస్తుందని మేమే గొంతు తగ్గించాం. కొన్నాళ్ళకు తగ్గించే పనే లేకపోయింది. అందరం తెలుగే మాట్లాడుతున్నాం. ఇందులో ఊరివాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు. సవర మాట్లాడొద్దని మాకు ఎవరూ చెప్పలేదు, మాకు మేమే చెప్పుకున్నాం.

పొందూరు బతుకు చెడ్డదని అనడం లేదు. మా గూడలో రాత్రి జ్వరం వస్తే డోలీ కట్టి మోసుకు దిగాల్సిన రోజులు మాకు తెలుసు. ఇక్కడ ఆసుపత్రికి ఆటో ఎక్కితే చాలు. బడి నడిచిపోయేంత దూరం. మా చిన్నవాడు మొదటిసారి రైలు చూసింది పొందూరు స్టేషన్‌లోనే. హౌరా, చెన్నై మధ్య తిరిగే పెద్ద బళ్ళు ఇక్కడ ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోతుంటే వాడు చేతులు ఊపుతూనే ఉండేవాడు. అయితే ఇక్కడ అన్నీ కొనాలి. చింతపండు కొనాలి, పుల్లలు కొనాలి, విస్తరాకు కూడా కొనాలి. మేము కట్టలు కట్టి సంతలో అమ్మిన కొండచీపురే ఇక్కడి కొట్లో వేలాడుతుంటే బేరమాడి కొనుక్కున్నాం. మా గూడలో ఇళ్ళన్నీ ఒకే వరసలో గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అరుగంతా ఒకటే. సాయంత్రం అక్కడ కూర్చుంటే వీధంతా మనదే. ఇక్కడ చీకటి పడితే ఎవరి తలుపు వాళ్ళది.

దెబ్బ మొదటి సంక్రాంతికి తగిలింది. పిల్లలను తీసుకుని గూడకు వెళ్ళాం. అమ్మమ్మ పెద్దపిల్లను దగ్గరకు తీసుకుని మంచినీళ్ళు తెమ్మంది, మన మాటలో. పిల్ల కదల్లేదు. మళ్ళీ అడిగింది. పిల్ల మా వైపు చూసి, "ఏటంతంది అమ్మమ్మ?" అంది తెలుగులో. అమ్మమ్మ పిల్లకు తన మీద కోపం వచ్చిందనుకుంది. కోపం కాదు, అర్థం కాలేదని చెప్పడం కోపమని చెప్పడం కంటే కష్టమైంది. తిరుగు బస్సులో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

పొందూరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక ముసలామె ఉంది. తెల్లారకముందే రాట్నం ముందు కూర్చుంటుంది. ఈ ఊరి ఖద్దరు పేరు మన మాస్టర్లకు తెలిసే ఉంటుంది. గాంధీజీ తన కొడుకు దేవదాస్ గాంధీని ఈ పని చూసి రమ్మని ఇక్కడికి పంపారు. నూలు వడికేవాళ్ళ కోసం, నేసేవాళ్ళ కోసం 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. పేరు విన్న మాకు పని ఎలా జరుగుతుందో ఆమె అరుగు మీదే తెలిసింది. వాలుగ చేప దవడ ఎముకకు ఉండే సన్నటి పళ్ళతో పత్తిని దువ్వి చెత్త తీస్తారు. గింజ వేరుచేసి, చిన్న విల్లుతో దూదిని ఏకి, ఏకులు చుట్టి, మట్టి అంటకుండా అరటి డొప్పలో పెడతారు. ఒకే కదురున్న రాట్నం మీద వంద కౌంటు దాకా సన్నటి నూలు తీస్తారు. ఇక్కడ సంప్రదాయంగా పట్టుశాలీల ఆడవాళ్ళు వడుకుతారు, దేవాంగులు నేస్తారు.

ఒకరోజు మా పెద్దపిల్ల ఆ అరుగు మీద కూర్చుని పత్తికాయ చేత్తో పట్టుకుంది. "ఇదేటి మామ్మా?" అని అడిగింది. "కొండపత్తి" అంది ఆమె. పిల్ల వెంటనే, "మా అమ్మమ్మ పోడులో ఉంది ఇది. కందిచేలో మద్దినుంటాది. మేం కొండోల్లం" అంది. మేము గుమ్మంలోనే నిలబడిపోయాం.

ముసలామె రాట్నం ఆపింది. "ఓలమ్మ, మరి ముందే సెప్పలేదేటి? సెప్తే నానేటి కొరికేస్తానా?" అంది. మళ్ళీ రాట్నం తిప్పుతూ, "పత్తి కొండది, ఎముక సేపది. నాదేటుందిలే ఇందులో, సెయ్యే కదా" అంది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని రాస్తే అది ఇంకో సగం మాట అవుతుంది. వీధిలో ఒక ఇంటివాళ్ళు అంతకుముందు కూర గిన్నె పంపి, మా గిన్నె తీసుకునేవాళ్ళు. అది ఆగిపోయింది. ఇంటాయనకు ఎవరో చెప్పేలోపు మేమే వెళ్ళి చెప్పాం. ఆయన కాసేపు ఊరుకుని, "అద్దె టయానికి ఇస్తన్నారు కదా, ఉండండి" అన్నాడు. ఆ మాట మమ్మల్ని మెచ్చుకున్నదీ కాదు, వెళ్ళగొట్టిందీ కాదు. ఆ రాత్రి మాత్రం చాలాకాలం తర్వాత ఇంట్లో గట్టిగా సవర మాట్లాడుకున్నాం.

ముసలామె కథా మా కథ లాంటిదే. ఆమె కూతుళ్ళు వడకరు, మనవరాళ్ళు అసలు రాట్నం ముట్టరు. రోజంతా వడికితే వచ్చే డబ్బు చూసి ఎవరు కూర్చుంటారని ఆమే అంటుంది. ఆమె పని ఆమె చేతులతో ఆగిపోతుందేమోనని ఆమె దిగులు. మన మాట మాతోనే ఆగిపోతుందేమోనని మా దిగులు.

మాస్టర్లకు ఒక మాట. ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో ఈ ప్రాంతంలోనే, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు నడిపారు, 1931లో మన భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. ఆ పండుగనాడు తెలుగు పద్యాలు చదివించండి, మంచిదే. తరగతిలో సవర పిల్లో జాతాపు పిల్లో ఉంటే వాళ్ళను కూడా నాలుగు మాటలు చెప్పమనండి. ఏజెన్సీ బడుల్లో మన భాషలో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. కింద ఊళ్ళలో అవి లేవు. ఇక్కడ అడిగే మాస్టరే వాచకం. మా పిల్లను వాళ్ళ టీచరమ్మ అలా అడిగింది. నీళ్ళను "డా" అంటామని పిల్ల చెప్పింది. చివర గొంతులో చిన్నగా ఆగే ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. తరగతంతా అది పలకబోయి నవ్వుకున్నారట. ఆ రోజు మా పిల్లకు వచ్చింది తక్కినవాళ్ళకు రాలేదు.

దిగివస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పేది ఇదే. రండి. ఉద్యోగం వదులుకోకండి, పిల్లల చదువు వదులుకోకండి. కానీ మొదటి గుమ్మంలోనే ఊరి పేరు చెప్పండి. దానివల్ల మూడో ఇల్లు దొరక్కపోవచ్చు, ఆరో ఇంటిదాకా నడవాల్సి రావచ్చు. ఆ నడక కష్టమే, మాకు తెలుసు. దాచిన మాట పిల్లల నోట్లోంచి పోతే తిరిగి తేవడం అంతకంటే కష్టం. మేమింకా తెస్తూనే ఉన్నాం.

మరుసటి సంక్రాంతికి అమ్మమ్మ తన పోడులో పత్తి మూట కట్టి ఇచ్చింది. ముసలామె ఒక కాయ విప్పి, వేళ్ళతో లాగి చూసి, "గింజ గట్టిదే గానీ పోగొస్తాది" అంది. కొన్నాళ్ళకు చిన్న నూలు చిలప చేసి మా పిల్ల చేతిలో పెట్టింది. దాన్ని పైకి తీసుకెళ్ళాం. ఇంత సన్నం ఎలా అయిందని అమ్మమ్మ సవరలో అడిగింది. చేప ఎముక గురించి, విల్లు గురించి, రాట్నం గురించి పిల్ల చెప్పింది, సగం సవరలో, సగం తెలుగులో. మాట దొరకని చోట ఆగింది. అమ్మమ్మ మాట అందించింది. పిల్ల ఆ మాట రెండుసార్లు అనుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.