వానాకాలపు గాసం



మా ఇంటి వెనుక కానుగ చెట్టు కింద తేనెటీగల పెట్టెలు ఉన్నాయని తెలిసినవాళ్లు ముందుగా అడిగేది తేనె ఎంత వచ్చిందని. కానీ మేము ముందుగా చెప్పాల్సింది పోగొట్టుకున్న దాని గురించి.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో మాది చిన్న సంఘం. మందిరం రేకులు మార్చడానికి డబ్బు కావాలి. అందుకని 2022 జనవరిలో బాపట్ల వైపు జీడిమామిడి తోటల్లో ఈగలు పెంచే ఒక రైతు దగ్గర రెండు పెట్టెలు కొన్నాం. అవి మన నాటు పుట్టతేనెటీగలు. మాఘమాసంలో మామిడి పూత, తరువాత వేప, ఏప్రిల్‌లో కానుగ. పెట్టె దగ్గర చెవి పెడితే మిల్లు ఆడుతున్నట్టే ఉండేది.

పెట్టెలో రెండు అరలుంటాయి. కింది అరలో రాణి ఈగ గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరుగుతాయి. పై అరలో తేనె దాస్తాయి. చట్రాలను ఒక్కొక్కటిగా పైకి తీసి, పట్టు చెడకుండా తేనె పిండుకోవచ్చు. ఈ ఏర్పాటుకు 1852లో పేటెంటు తీసుకున్న లాంగ్‌స్ట్రాత్ అమెరికాలో ఒక పాస్టరు. మన ఈగలకు సరిపడే చిన్న పెట్టెను తయారుచేసి, 1911 నుంచి దక్షిణాది పల్లెవాళ్లకు నేర్పిన న్యూటన్ గారు తిరుచిరాపల్లిలో ఒక ఫాదర్. ఈ సంగతి తెలిసి మేము కొంచెం గర్వపడ్డాం కూడా. ఇది మన అయ్యగార్ల వృత్తే అనుకున్నాం.

మే నెలలో పై అర ఖాళీ చేశాం. ఇంకా నాలుగు సీసాలు తక్కువయ్యాయి. సంఘంలో మాట ఇచ్చేశాం కదా! కింది అర అంచుల్లో ఉన్న తేనె కూడా కోసేశాం. మైనపు మూత వేయని పచ్చి తేనె అది. సీసాల్లో పదిహేను రోజులకే పులిసి నురగ కట్టింది.

జూలైలో ముసురు పట్టింది. ఊరి చుట్టూ దమ్ము చేసిన చేలు, నీళ్లు, నారు. ఎక్కడా పువ్వు లేదు. పెట్టె కాళ్లెక్కి చీమలు పట్టాయి, పాత పట్టులో మైనపు పురుగు పడింది. ఒక ఉదయం చూస్తే రెండు పెట్టెలూ ఖాళీ. పట్టు లేచిపోయింది.

రేపల్లె కాలువ గట్టు మీద ఉండే ఒక యానాది పెద్దాయన చిన్నప్పటి నుంచి తేనె కొట్టినవాడు. ఆయనను పిలిచి చూపించాం. ఖాళీ పట్టును చేత్తో తడిమి, “వాటి వానాకాలం గాసం కూడా మీరే తినేశారు అయ్యగారూ” అన్నాడు. అంతకు ముందు ఆదివారమే మేము లేవీయకాండం 19వ అధ్యాయం తీసి, పొలం అంచులు కోయకుండా పేదలకు విడిచిపెట్టడం గురించి నలభై నిమిషాలు ప్రసంగించాం.

మరుసటి ఏడు మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కింది అర ముట్టలేదు, పై అరలో కూడా మూత వేసిన చట్రాలే తీశాం. రోహిణి కార్తెలో గులకరాళ్లు వేసిన మూకుడులో నీళ్లు పెట్టాం. పెట్టె కాళ్లకింద నీళ్ల గిన్నెలు పెట్టాం. వానల్లో సమానంగా నీళ్లూ పంచదారా కలిపిన పాకం సాయంత్రం పూట పోశాం. పగలు పోస్తే పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు పెట్టెలను వంటింట్లోకి తెచ్చుకున్నాం. అమ్మగారు ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

ఆ తుఫానులో మా సంఘపెద్ద ఒకాయన వరి పనలన్నీ నీళ్లపాలయ్యాయి. ఆలస్యంగా చల్లిన మినుము మీదే ఆయన అప్పు, పిల్ల ఫీజు. తెల్లదోమ కనిపించగానే ఉదయం తొమ్మిదింటికి మందు కొట్టించాడు. పక్కనే మా పెట్టెలు. మధ్యాహ్నానికి గడప ముందు ఈగలు దోసిళ్లకొద్దీ పడి గిలగిలా కొట్టుకుంటున్నాయి. ఆ వచ్చింది ఫిబ్రవరి మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం. పళ్లెం ఆయన చేతిలో పెడుతూ మేము ఆయన మొహం చూడలేకపోయాం.

సాయంత్రం ఆయనే వచ్చాడు. “సాయంత్రం కొట్టించొచ్చు కదండీ” అన్నాం. “కూలోళ్లు పొద్దున తప్ప రారు అయ్యగారూ. వాళ్లకీ ఇళ్లున్నాయి కదా” అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. కాసేపు ఇద్దరం పెట్టెల దగ్గర కూర్చున్నాం. చీపురుతో చచ్చిన ఈగల్ని ఆయనే ఊడ్చాడు.

అప్పటి నుంచి మందు కొట్టే ముందురోజు రాత్రి ఆయన ఫోన్ చేస్తాడు. మేము టార్చి పట్టుకుని వెళ్లి, ఈగలన్నీ లోపలికి చేరాక గడపకు జాలీ బిగించి, పైన తడి గోనె కప్పుతాం. మర్నాడు మధ్యాహ్నం దాకా గోనె ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. మేము కూడికలకు వెళ్తే ఆయన చిన్న కూతురు వచ్చి చిలకరిస్తుంది.

మందిరం రేకులు ఇంకా మార్చలేదు. రెండు పెట్టెల్లో ఒకటి నిలిచింది. ఈ వానకు పాకం పోయడం మొన్ననే మొదలుపెట్టాం.