ఇల్లు ఒక్కటే, పన్నులు రెండు

ఇల్లు అమ్మదలచినవారు ఎంత ధర పలుకుతుందని ఊరంతా వాకబు చేస్తారు. ఎంత పన్ను పోతుందని మాత్రం అడగరు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము సాధారణంగా కొన్నవారే భరిస్తారు కనుక తమకు బాధ్యత లేదనుకుంటారు. అమ్మినవారి వంతు మూలధన లాభాల పన్నుగా ఆ తరువాత వస్తుంది. దానిని ముందుగా అంచనా వేసుకోవాలంటే లెక్కతో పాటు 2024 నాటి రాజకీయం కూడా తెలియాలి.

ఆ ఏడాది జూలై 23 వరకు దీర్ఘకాలం చేతిలో ఉన్న ఇంటి కొనుగోలు ధరను ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం పెంచి, మిగిలిన లాభంపై 20 శాతం పన్ను వేసేవారు. ఆనాటి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రేటును 12.5 శాతానికి తగ్గించి, సూచీ వెసులుబాటును తొలగించారు. రేటు తగ్గింది కనుక మేలే జరుగుతుందని ప్రభుత్వం వాదించింది.

లెక్క వేస్తే ఆ మేలు అందరిదీ కాదని తేలుతుంది. 2001-02లో 10 లక్షలకు కొన్న ఇంటిని 2024-25లో అమ్మారనుకుందాం. ఈ మధ్యకాలంలో సూచీ 100 నుంచి 363కు చేరింది. అంటే కొన్న ధర 36.30 లక్షలవుతుంది. ఇల్లు 50 లక్షలకు అమ్ముడైతే పాత పద్ధతిలో పన్ను 2.74 లక్షలు, కొత్త పద్ధతిలో 5 లక్షలు. అదే ఇల్లు కోటి పలికితే పాత పన్ను 12.74 లక్షలు, కొత్తది 11.25 లక్షలు. ధరలు ఆకాశాన్నంటిన నగరాలవారికి ఊరట, నిదానంగా పెరిగిన ఊళ్లవారికి భారం అన్నమాట.

మధ్యతరగతి నిరసన ఫలించింది. ఆగస్టు 7న లోక్‌సభ ఆమోదించిన సవరణ ప్రకారం, జూలై 23కు ముందు సంపాదించిన భూమికి, భవనానికి రెండు లెక్కల్లో ఏది తక్కువైతే ఆ పన్నే చెల్లించవచ్చు. అయితే ఈ వెసులుబాటు దేశంలో నివసించే వ్యక్తులకు, అవిభక్త హిందూ కుటుంబాలకు మాత్రమే.

పై ఇంటిని అన్నదమ్ములిద్దరు సగం సగం పెట్టి కొన్నారనుకుందాం. అన్న గుంటూరులో ఉన్నాడు, తమ్ముడు డల్లాస్‌లో స్థిరపడ్డాడు. 50 లక్షలకు అమ్మితే, సెస్సు, ఇతర మినహాయింపులు పక్కన పెట్టి, అన్న పన్ను 1.37 లక్షలు, తమ్ముడి పన్ను 2.50 లక్షలు. పైగా తమ్ముడి వాటాలో లాభంపై కాక, మొత్తం ధరపైనే కొనుగోలుదారు పన్ను కోయడం పరిపాటి. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ముందే ధ్రువపత్రం తెచ్చుకోకపోతే, మిగులు సొమ్ము కోసం రిటర్ను దాఖలు చేసి ఎదురుచూడాలి. అన్నకు ఆ కోత 1 శాతానికి మించదు.

ప్రవాసులు సంపన్నులు, కాస్త ఎక్కువ కట్టగలరు అనేవారుంటారు. కానీ ద్రవ్యోల్బణం లాభం కాదన్న సూత్రం అన్నకు వర్తించినప్పుడు తమ్ముడికి ఎందుకు వర్తించదు? విదేశాల్లోని భారత పౌరులకు 2010 చట్టసవరణతో ఓటు హక్కు వచ్చింది, కానీ స్వయంగా వచ్చి పోలింగ్ కేంద్రంలో వేయవలసిందే. అందువల్ల వారి అసంతృప్తి ఓట్ల లెక్కలోకి అంతగా రాదు.

సవరణ కాపాడనివారు దేశంలోనూ ఉన్నారు. జూలై 23 తరువాత, అప్పు చేసి మొదటి ఇల్లు కొంటున్న యువతకు ఆ ఎంపిక లేదు. ఇరవై ఏళ్ల తరువాత వారు అమ్మేనాడు, రూపాయి విలువ తగ్గినందువల్ల కనిపించే పెరుగుదల కూడా లాభంగానే లెక్కకు వస్తుంది. ఆనాటి అమ్మకందారులు ఇంకా అమ్మకందారులు కారు కనుక, 2024లో వారి తరఫున గట్టిగా మాట్లాడినవారు లేరు. ఇల్లు కొనే రోజునే ఈ పన్నును ఒకసారి లెక్కవేసుకుంటే, తదుపరి బడ్జెట్ చర్చలో అడగవలసిన ప్రశ్న వారికి దొరుకుతుంది.