రైలుకు చెయ్యూపిన పిల్లవాడు



ఎండలు ముదిరాయి కదా, మధ్యాహ్నాలు ఏం చదువుతున్నారు? పోయినసారి లావుపాటి నవలల గురించి రాశాక, "రెండు పూటల్లో అయిపోయే పుస్తకం చెప్పకూడదూ" అని మీరు అడుగుతున్నట్టే అనిపించింది. అందుకే విలియం సరోయన్ ‘ద హ్యూమన్ కామెడీ’ మళ్లీ తీశాను. 1943లో వచ్చిన నవల. అసలు నేను మాట్లాడాలనుకున్నది అందులోని నాలుగేళ్ల యులిసీస్ గురించి.

కాలిఫోర్నియాలో ఇథాకా అనే చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. యులిసీస్‌కు తండ్రి లేడు, పెద్దన్న మార్కస్ సైన్యంలో ఉన్నాడు, పద్నాలుగేళ్ల హోమర్ సైకిలు మీద టెలిగ్రాములు పంచుతుంటాడు. కానీ పుస్తకం తెరవగానే కనిపించేది యులిసీసే. పెరట్లో గోఫర్ అనే ఎలుకలాంటి జంతువు కన్నంలోంచి మట్టి పైకి తోస్తుంటే నిలబడి చూస్తుంటాడు. అంతలో చెట్టు మీద పిట్ట. అంతలో గూడ్సు బండి చప్పుడు. ఇక పరుగే.

ఇంజను డ్రైవరుకు చెయ్యూపుతాడు. ఆయన ఊపడు. చివరికి ఒక పెట్టె అంచుకు ఆనుకుని పాడుకుంటూ పోతున్న నల్లజాతి మనిషి ఊపుతాడు, ఇంటికి పోతున్నానని కేకేసి చెబుతాడు కూడా. ఈ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ పిల్లవాడికి ఆ ఒక్క చెయ్యి చాలింది.

"కుతూహలం ఉన్న పిల్లలు ప్రశ్నలతో చంపుతారు కదా, వీడేమిటి ఇంత మౌనం?" అంటారేమో. నాకు వాడు నచ్చింది అందుకే. వాడు అడిగే దానికన్నా చూసేదే ఎక్కువ. స్నేహితుడు లయొనెల్‌తో కలిసి ఊరి గ్రంథాలయానికి వెళ్తాడు. ఇద్దరికీ చదవడం రాదు. అయినా అరల మధ్య తిరుగుతూ ఎర్ర అట్ట, పచ్చ అట్ట, ఇన్నేసి పుస్తకాలా అని చూస్తారు. అక్షరం రాకముందు పుస్తకం ఎలా ఉండేదో మీకు గుర్తుందా? నాకు లీలగా గుర్తుంది. మా ఇంటి బీరువాలోని పాత పుస్తకాల వాసన, వేలికి అంటుకునే అట్ట రంగు.

ఆ చూపుకు భయం కూడా ఉందండీ. ఒక దుకాణం అద్దం వెనక యంత్రంలా కదిలే మనిషిని పెడతారు. అతను నవ్వడు, ఎవరినీ చూడడు. జనం వెళ్లిపోయినా యులిసీస్ అక్కడే నిలబడిపోతాడు. పొద్దు వాలుతుంటే ఉన్నట్టుండి వాడికి దడ పుడుతుంది. చావు అనే మాట తెలియని వయసులో దాన్ని ఆ ముఖంలో చూసేశాడు. అదే ఊళ్లో వాళ్లన్న హోమర్, కొడుకు యుద్ధంలో పోయాడన్న టెలిగ్రాము ఒక తల్లికి ఇచ్చి వస్తాడు. మన ఇళ్లలోనూ అంతేగా, టెలిగ్రామ్ అనే కేక వినగానే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. 2013లో ఆ సేవ ఆగిపోయేనాటికే ఆ భయం పాతబడింది కానీ, మీలో పెద్దవాళ్లు మరిచిపోయి ఉండరు.

సరోయన్ ఆర్మేనియా నుంచి వచ్చిన కుటుంబంలో, 1908లో ఫ్రెస్నోలో పుట్టాడు. కుర్రతనంలో టెలిగ్రాములు పంచాడు. అందుకే హోమర్‌లో ఆయన కనిపిస్తాడని అంటారు. నాకు మాత్రం యులిసీస్‌లోనే ఎక్కువ కనిపిస్తాడు. మూడేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, కొన్నేళ్లు అనాథాశ్రమంలో పెరిగిన పిల్లవాడాయన. ఇంటికి పోతున్న మనిషిని అంత ఆశగా చూసిన ఆ కళ్లు ఎవరివో నేను వేరే వెతుక్కోలేదు.

అన్నట్టు, గుడ్డు సంగతి చెప్పడం మరిచాను. రైలు వెళ్లిపోయాక వాడు ఇంటికి వస్తాడు. కోడి గూట్లో గుడ్డు కనిపిస్తుంది. ఒక్క క్షణం చూసి, పదిలంగా తీసుకెళ్లి కోళ్లకు గింజలు వేస్తున్న అమ్మ చేతిలో పెడతాడు. ఎందుకో వాడు చెప్పలేడు. అమ్మ అడగదు.

పుస్తకం దొరికితే ఆ మొదటి అధ్యాయం ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. ఎవరు విన్నారో నాకు రాయండి.

ఎప్పటిలాగే,
మీ